స్ట్రెచర్ కబడ్డీ

శుక్రవారం, మాచర్ల

ఫోన్లో నేను చేసిన కబడ్డీ కార్టూన్ వీడియోని ఈ సాయంత్రం ఇంట్లో అందరికీ చూపించాను. అందులో ఎదుటివాడిని స్ట్రెచర్ ఎక్కించిన జట్టుకి రెఫరీ పాయింటు ఇస్తాడు. చివరికి ఆడేందుకు ఎవరూ మిగలక, కప్పు అంబులెన్సు డ్రైవరుకి ఇచ్చేస్తారు. ఆటలో మా ఆయన భుజం ఎముక విరగ్గొట్టారన్న కోపంతో గీసిన బొమ్మలవి. చూసి కాస్త సిగ్గుపడతారనుకున్నాను.

ఊరి జట్టుకి కెప్టెన్ మా బావగారే. ఆయన మొహం మాడ్చుకుని, "ఏందమ్మాయ్, ఎర్ర చొక్కాలంటే మనోళ్ళేగా? మనకి పాయింట్లు తగ్గించావేంది?" అన్నారు.

అందరూ వెళ్ళాక మా ఆయన మళ్ళీ వీడియో పెట్టించుకుని చూశాడు.

"ఏమే, స్ట్రెచర్ మీద ఆ మీసాలోడు నేనేగా? లేచొచ్చి ఇంకో కూతకెళ్ళినట్టు పెట్టవే."

కుదరదన్నాను. ఆదివారం రెంటచింతలలో పోటీ ఉంది. వెళ్ళనని నాకు మాటిచ్చాడు.

ఇది రాస్తూ తలెత్తితే, ఆయన భుజానికి కట్టిన పట్టీ తలుపు మేకుకి వేలాడుతోంది. మనిషి గదిలో లేడు. డాబా మీద నుంచి ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అంటున్న గొంతు వినిపిస్తోంది.