కోరంగి బురద, కడిగిన సంచి

బాపుకు మనీష దండాలు. రోజూ సముద్రపు పోటు రాకముందే తిరిగి పడవెక్కుతున్నామని అమ్మతో చెప్పు, భయపడొద్దను.

మడ అడవిలో గొట్టం దించి బురద తీస్తాం. అందులో కర్బనం ఎంత నిలవ ఉందో మా సైంటిస్టు మేడమ్ కొలుస్తుంది. మొదటి రోజు ఆ నల్లటి బురద అచ్చం మన చెరువు పూడికలాగే కనిపించింది. ఎండుతున్న మన బత్తాయి చెట్లకని సంచి నింపాను. "మా బాపు గీ మట్టి చూస్తే ఇడువడు మేడమ్" అన్నాను. ఆమె నవ్వలేదు. "ఇది ఉప్పు బురదమ్మా, మీ చెట్లు చచ్చిపోతాయి" అంది. వందల ఏళ్ల నాటి ఆకులూ వేర్లూ ఆ తడిలో పూర్తిగా కుళ్లకుండా ఉన్నాయట. తవ్వి ఆరబెడితే ఆ కర్బనం గాలిలో కలుస్తుందట. తీసిన చోటే పోసి వచ్చాను.

బోరు పోస్తోందా? అమ్మను మోకాలి నొప్పికి దవాఖానలో చూపించావా? బత్తాయి చెట్లు కొట్టేస్తానని ఫోన్‌లో అన్నావు. నేనొచ్చేదాకా గొడ్డలి ముట్టకు బాపూ. చెరువు ఎండి పూడిక తీసేనాటికి సెలవు పెట్టి వస్తాను. అవ్వకు నా దండాలు.

సంచి కడిగి ఉంచాను. మన పూడిక ఇద్దరం మోద్దాం.