పేరు లేని మట్టి

మంగళవారం, వీపనగండ్ల

తమ్ముడి కొడుకు మల్లేశు లడఖ్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ రోడ్డు పనికి, ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలను తవ్వుతున్నారు. మా మట్టిపనిలో మేస్త్రి మట్టిని నలిపి చూసి పేరు చెప్పాకే కూలీలు గుంతలోకి దిగాలి. పోయిన వారం వాడు ఫోన్‌లో ఆ మట్టిలోని తెల్లటి పలుకులు చూపిస్తే, నేను మేస్త్రినన్న గొప్పకు పోయి "సుద్దనేలరా, గుంత గోడ నిలబడ్తది, దిగుండ్రి" అన్నాను. చేత్తో ముట్టనైనా లేదు.

ఈరోజు వాడు ఒకటే నవ్వు. "పెద్దనాయనా, సార్లు వచ్చి పరీక్ష చేసిండ్రు. సుద్ద కాదంట, అల్యూమినియం ఆక్సైడంట. గని గా రూపంల దాన్ని ఎన్నడూ చూడలేదంట, గా రూపానికి పేరు గూడ లేదంట. నీకన్న ఎక్కువ తెల్సా వాళ్లకు?"

"గోడ ఎట్లుందిరా?"

"జర నీళ్లు కారుతున్నయి. ఎండలు ముదిరినయి గద."

ఆ గోడను ఇన్నాళ్లూ నిలబెట్టింది మంచు, మట్టి కాదు.

"రేపు దిగకు. నేను తప్పు చెప్పిన" అన్నాను. ఇన్నేళ్ల పనిలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"నువ్వు తప్పు చెప్తవా? ముసలితనానికి భయమెక్కింది నీకు" అని ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేస్తే కలవడం లేదు. పొద్దున ఏడింటికే దిగుతారు.