పైడిమెట్ట కట్టకు పడ్డ కన్నం

పైడిమెట్ట, ఆగస్టు 16

ఏఈ తిరుపతిరావు గారికి,

నమస్కారమండీ. నా పేరు నాగేంద్రమ్మ. మా చెరువు కట్ట కింద నాలుగెకరాల రసాల మామిడి తోట నాది. కట్ట అడుగున పైపంత లావున నీళ్లు వస్తున్నాయి. తేటగా వస్తే మీకు రాసేదాన్ని కాదు. మట్టి రంగులో వస్తున్నాయి, అంటే లోపల కట్ట కరిగిపోతోందన్నమాట. కట్ట మీద కంప కొట్టించి ఆరేళ్లయింది. పందికొక్కులు బొరియలు చేశాయి. తూము షట్టర్ తుప్పు పట్టి కదలదు. చెరువేమో నిండుగా ఉంది. దిగువన ఇరవై రెండు ఇళ్లున్నాయి. ఒక్కసారి వచ్చి చూడండి.

ఇట్లు,
నాగేంద్రమ్మ

తా.క.: ఫోన్ చేస్తే రాసివ్వమన్నారు మీ వాళ్లు. ఉత్తరం చేరేదాకా ఆగమని చెరువుకీ చెప్పాను.

నూజివీడు, ఆగస్టు 20

శ్రీమతి నాగేంద్రమ్మ గారికి,

మీ ఉత్తరం అందినది. చెరువు కట్టకు పైపు పెట్టి నీరు వాడుకుంటున్నట్లు మీరే ఒప్పుకున్నారు. ఇది నేరం. మూడు రోజుల్లో పైపు తొలగించవలెను.

ఇట్లు,
తిరుపతిరావు, అసిస్టెంట్ ఇంజనీర్

తా.క.: మీ నిజాయితీ మెచ్చుకోదగినది.

పైడిమెట్ట, ఆగస్టు 23

అయ్యా తిరుపతిరావు గారూ,

పైపు లేదు మహాప్రభో! పైపంత లావున అన్నాను. ఇప్పుడది బిందె మూతంత అయింది. మా మరిది చందు చెయ్యి పెడితే భుజం దాకా లోపలికి పోయింది. దిగువన ఇల్లిల్లూ తిరిగి ఖాళీ చెయ్యమని బతిమాలాను. "తాతల నాటి కట్ట, ఇప్పుడే తెగుతుందా అక్కా? కూర్చో, టీ తాగు" అన్నారు. త్వరగా రండి.

ఇట్లు,
నాగేంద్రమ్మ

తా.క.: ఇరవై రెండు ఇళ్లు, ఇరవై రెండు టీలు. చేతిరాత వణికితే ఏమీ అనుకోకండి.

నూజివీడు, ఆగస్టు 26

శ్రీమతి నాగేంద్రమ్మ గారికి,

పైపు పెట్టడంలో మీ మరిది కూడా చెయ్యి కలిపినట్లు తెలిసినది. శుక్రవారం మధ్యాహ్నం మా సిబ్బంది వచ్చి పైపులు, దిగువనున్న మోటార్లు అన్నీ స్వాధీనం చేసుకుంటారు. ఈ నోటీసు నకలు ఇంటింటికీ పంపడమైనది.

ఇట్లు,
తిరుపతిరావు

తా.క.: సిబ్బందికి టీ ఇచ్చి మంచి చేసుకోవాలని చూడవద్దు.

పైడిమెట్ట, ఆగస్టు 31

తిరుపతిరావు గారికి,

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కట్ట తెగింది. పంతొమ్మిది ఇళ్లు కూలిపోయాయి. గోవిందమ్మ గారి పాడిగేదె కొట్టుకుపోయింది, పాపం ఆవిడ రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. నా తోటలో నలభై చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అవి మా ఆయన తన చేత్తో నాటినవి.

మనుషులు మాత్రం ఒక్కరూ పోలేదండీ. నా మాట విని కాదు, మీ నోటీసు చూసి! మోటార్లు పట్టుకుపోతారన్న భయంతో పొద్దున్నే అందరూ వాటిని విప్పుకుని, ఇళ్లకు తాళాలేసి, మంచంలో ఉన్న ముసలివాళ్లను కూడా మోసుకుని మెట్ట తోటల్లోకి ఎక్కి దాక్కున్నారు. మీ సిబ్బంది వస్తున్నారేమోనని తొంగి చూస్తే నీళ్లు వస్తున్నాయి. మీవాళ్లు రాలేదు, నయమే. వచ్చుంటే వాళ్లూ కొట్టుకుపోయేవాళ్లు. మీకు దణ్ణం పెట్టాలో, మిమ్మల్ని తిట్టాలో తెలియడం లేదు.

ఇట్లు,
నాగేంద్రమ్మ

తా.క.: పక్కూరి చెరువు కట్ట కింద చెమ్మ కనిపిస్తోందని అక్కడి సవరమ్మ నిన్న మీకు ఉత్తరం రాసిందట. ఆవిడకి జవాబు రాయకండి. బండెక్కి రండి.