నా కలుపు నేనే పీకాలి

అక్కయ్యకు నమస్కారాలు. కంగారుపడకు, యంత్రంలో నలిగిన చెయ్యి బాగుపడుతోంది. చెడింది నా మనసే. వేళ్లకు వ్యాయామంగా డాక్టరుగారు ఆసుపత్రి తోటలో నాకొక మడి ఇచ్చి, కలుపు తీయమన్నారు. శుక్రవారం తుంగను గడ్డతో సహా పీకి చూపిస్తే ఇంటికి పంపుతామన్నారు. లేత మొక్కలు సోమవారానికి, వేరు పట్టినవి బుధవారానికి, మొండి తుంగ శుక్రవారానికి అని జాబితా రాసుకుని, ఒక్కొక్క దాన్నీ కాపాడుకుంటూ వచ్చాను. నిన్న చూస్తే మడి నున్నగా ఉంది. పక్క మంచం దర్జీ నవ్వుతూ, "చెయ్యి బాగాలేని మనిషివి కదన్నయ్యా, పోనీలే అని అంతా నేనే పీకేశా" అన్నాడు.

"అది నా మందయ్యా. ఒకరి మందు ఇంకొకరు మింగుతారా?" అన్నాను.

"మంచికి పోతే చెడు ఎదురైంది" అని అతను వార్డంతా చాటాడు. ఇప్పుడు అందరి దృష్టిలోనూ కృతఘ్నుణ్ణి నేనే. మిగతా మడులు వేరే రోగులవి కనుక, తుంగ మళ్లీ మొలిచి వేరూనేదాకా, అంటే రెండు వారాలు, నా రాక ఆలస్యం.

నా పనిముట్లకు నూనె రాశారా? మేనకోడలి జ్వరం తగ్గిందా? ముఖ్యంగా, బావగారు నామీద ఎంత జాలిపడినా సరే, పెరట్లో ఒక్క గడ్డిపరకనూ ముట్టుకోనివ్వకు. అవన్నీ నావి. పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు