తెలుగు పేరు రాసిన గ్లాసు

అబూ హమూర్, దోహా
16-3-96

చి. సౌ. భ్రమరకు,

దైవకృప వల్ల ఇద్దరం కులాసా, దిగులు పడకు.

శుక్రవారాలు మా ఇంట్లో పిల్లలకు చెట్ల గురించీ పురుగుల గురించీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెబుతున్నానని రాశాను కదా. ఈసారి రెండు గ్లాసుల్లో గింజలు నాటించాను. ఇక్కడి దుకాణంలో కొన్న శనగలకు ఇంగ్లీషులో, నువ్వు పంపిన బొబ్బర్లకు తెలుగులో పేరు రాశారు. శనగలు నాలుగో రోజుకే మొలిచాయి. బొబ్బర్లు పదిరోజులైనా కదల్లేదు.

పక్కింటి ఏడేళ్ళ హిమజ, "తెలుగు గింజలు మొలవవు మామ్మగారూ, నేనింక ఇంగ్లీషే రాస్తా" అంది. నోటుబుక్కులో తెలుగు రాయడం మానేసింది.

నిన్న దీపం పెడుతుంటే గుర్తొచ్చింది. దారిలో పురుగు పట్టకుండా నువ్వు అన్నీ దోరగా వేయించి పంపుతావు. పిల్లకు ఆ మాటే చెప్పాను. "అయితే చిన్న మామ్మగారిని వేయించకుండా పంపమనండి" అంది.

మన ఊరికి వచ్చిన రామ్మోహన్ గారు సెలవు ముగించుకుని వచ్చే నెల పదో తారీఖున ఇక్కడికి తిరిగి వస్తున్నారు. గుప్పెడు బొబ్బర్లు ఆయన చేతికివ్వు. పురుగు పట్టినా ఫరవాలేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

హిమజ ఆ గ్లాసు కడిగి, తెలుగు పేరు చెరపకుండా మా కిటికీలో పెట్టి వెళ్ళింది.

మీ అక్క,
కాత్యాయని