రెండో కుర్చీలో చోలా అన్న

కిట్వే,
ఆగస్టు 17, శనివారం.

ప్రియమైన లోంబేకి,

నీ న్కాండు ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ నా సెలూనూ క్షేమం. జొహానెస్‌బర్గ్ చలిలో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ నంబరు మారినట్టుంది, పంపినవేవీ చేరడం లేదు. అందుకే నీ ఆఫీసు చిరునామాకి కాగితం మీద రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో మన షో మొదలైంది. ఒక్కదాన్నే మొదలుపెట్టినా మన షో అనే అంటున్నాను. సెలూన్ వెనకగదిలో రెండు కుర్చీలు వేసి ఒకదాంట్లో కూర్చున్నాను. కంప్యూటర్ గేమ్‌లో మనం కట్టుకున్న ఊరు చూపిస్తూ మన బెంబా భాషలో కబుర్లు చెప్పాలనుకున్నాం కదా, నువ్వు అడగాలి, నేను చెప్పాలి. అడిగే మనిషి లేక నా ప్రశ్న నేనే అడిగి, జవాబు నేనే చెప్పి, నేనే నవ్వుకున్నాను. చూసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. పాపం ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోందో అని ఒకరు కింద రాశారు. ఇంతలో కరెంటు పోయింది. పోతే పోయింది, లేచి తలుపు తీయబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మరుసటి వారం మీ చోలా అన్న వచ్చాడు. నువ్వు ఉద్యోగానికి బయల్దేరిన రోజు, కంప్యూటర్లో ఊళ్లు గీసుకునేదానికి అన్నతో పనేంటని అరిచి, నిన్ను సాగనంపడానికైనా రాని ఆ చోలా అన్నే. తన మినీబస్సు వీధిలో ఆపి లోపలికొచ్చి, అడక్కుండానే రెండో కుర్చీలో కూలబడ్డాడు. షో నడుస్తోంది, లెమ్మనలేను. కాసేపు తెర వంక చూసి, ఇదేం ఊరే, ఇంతమంది తిరుగుతున్నారు, ఒక్క బస్సు లేదు, అందరూ నడిచి చావాల్సిందేనా అన్నాడు. కావాలంటే ఎగరొచ్చన్నా అన్నాను. అందరూ ఎగిరిపోతే టికెట్టు ఎవడు కొంటాడే అన్నాడు. చూసేవాళ్లు పడీపడీ నవ్వారట. ఆ ముక్క ఫోను నుంచి ఫోనుకి పాకిపోయింది. బజార్లో కపెంటా చేపలమ్మే ఆవిడ కూడా నన్ను ఆపి, మీ ఊరికి బస్సు వేశారా అని అడుగుతోంది.

అప్పట్నుంచి శనివారం ట్రిప్పులు వదులుకుని మరీ వస్తున్నాడు. నీ మాట తను ఎత్తడు, నేనూ ఎత్తను. షో అయ్యాక ఇద్దరం ఇంత న్షిమా ముద్ద తింటాం, వెళ్లిపోతాడు. ఆ తర్వాత గది ఎలా ఉంటుందో చెప్పలేను. అంతమందితో మాట్లాడతానా, ఒక్క మొహమూ కళ్లముందు నిలవదు. నీకూ అక్కడ సాయంత్రాలు ఇలాగే ఉంటాయా?

ఒళ్లు జాగ్రత్త. తీరిక చేసుకుని రెండు ముక్కలు రాయి.

ఎప్పటికీ నీ
న్కాండు

తా.క.: అన్నకి గేమ్‌ల పిచ్చి పట్టుకుందని నువ్వు నవ్వుకుంటావేమోనని ఇది రాస్తున్నాను. చెప్పొద్దన్నాడు. ఆ మొదటి రోజు తప్ప, షో జరుగుతున్నంతసేపూ తను తెర చూడడు, కెమెరానే చూస్తాడు. ఇవాళ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, లోంబే ఇది చూస్తుందంటావా అని అడిగాడు. చూస్తుందనే చెప్పాను. అయితే వచ్చే వారం అది కొనిచ్చిన నీలం చొక్కా వేసుకొస్తాలే అన్నాడు. నేను చెప్పింది నిజమో అబద్ధమో నీకే తెలియాలి.