రెండో తుమ్ము

కిరీటీ,

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

బాల్కనీలో బట్టలు ఆరేయడానికే కళ్లు తిరిగే మీ అక్క, పారామోటార్‌లో గాల్లోకి ఎగిరి ఆ భయం వదిలించుకోవాలని రెండు నెలలు ధైర్యం కూడగట్టుకుంది. పోయిన ఆదివారం మైలవరం దగ్గర మైదానంలో నాకు బెల్టులన్నీ బిగించాక నువ్వు తుమ్మావు.

"ఆగండాగండి! ఒక్క తుమ్మే వచ్చింది. దిగక్కా, కూర్చుని మంచినీళ్లు తాగు. రెండోది వచ్చేదాకా కదలొద్దు" అని గొడవ చేసి దింపేశావు. అది రాలేదు, గాలి మాత్రం పెరిగింది. "ఇవాళ్టికిక కుదరదండీ" అని పైలట్ అంతా సర్దేశాడు. పైగా, తిరుగుదారిలో బెంజ్ సర్కిల్ వచ్చేదాకా "అంతా మన మంచికేలే" అంటూనే ఉన్నావు. నాకు ఒళ్లు మండిపోయింది. తుమ్ము నీది, పోయిన ధైర్యం నాదిరా!

నిన్న ఎవరికీ చెప్పకుండా మళ్లీ వెళ్లాను. బెల్టు బిగిస్తుంటే ఈసారి తుమ్మింది నేనే. ఒక్కటే. పైలట్ నా మొహం చూసి, "కాసేపు ఆగుదామా అండీ?" అన్నాడు. పోనివ్వమన్నాను. నేల వదిలాక కళ్లు మూసుకుని నిన్నే తిట్టుకున్నాను. తెరిచేసరికి మామిడితోటలు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి.

రెండో తుమ్ము అక్కడ, పైన వచ్చింది.

అక్క